రెండో కొస ముడి

జైల్లో ఉన్నవాడికే బయటికి రావాలని లేకపోతే, వాడికోసం చెప్పులరిగేలా తిరిగే మనిషి ఏం చేయాలి? ఉదయం తొమ్మిదీ నలభైకి, ములాఖత్ గదిలో కడ్డీలకు ఇవతల స్టూలు మీద కూర్చుని భూతద్దం పళ్లు కొరుక్కుంటున్నది అందుకే.

భూతద్దం అంటే వస్తువు కాదు, మనిషి. వేలిముద్రల విభాగంలో ఇరవై మూడేళ్లు గీతలు లెక్కపెట్టి రిటైరైన ఆవిడ. ఇప్పుడు ఒక క్రిమినల్ లాయరు దగ్గర కేసుల కూపీ లాగుతోంది. చేతిసంచిలో పాత అద్దం ఎప్పుడూ ఉంటుంది. ఆమె అసలు పేరు పింఛను కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

అప్పీలు మర్నాడు పదిన్నరకి. ఐదుగురి మిగతా బతుకు ఎక్కడ గడవాలో ఆ పూట తేలిపోతుంది.

కేసు ఇదీ. ఆరేళ్ల కిందట ఒక సాయంత్రం, రంగుల కార్ఖానా వెనక బాయిలరు పెరట్లో ఒక గుంపు మేస్త్రీని చుట్టుముట్టి కర్రలతో కొట్టి చంపేసింది. నాలుగూ ఇరవైకి మొదలై నాలుగున్నరకల్లా అయిపోయింది. ఒంటి మీద పంతొమ్మిది దెబ్బలని డాక్టరు రాశాడు. ఏ దెబ్బ ఎవరిదో తేలలేదు. తేలాల్సిన పనీ లేదంది కోర్టు; గుంపులో ఉన్నట్టు రుజువైతే చాలు, అందరిదీ ఒకే నేరం, అందరికీ ఒకే శిక్ష. ఆ పొద్దున మేస్త్రీతో మాటామాటా అనుకున్న ఐదుగురు అద్దకంవాళ్లకు యావజ్జీవం పడింది. వాళ్లు గుంపులో ఉన్నారని చెప్పిన సాక్షి ఒక్కడే. బాయిలరు గది కిటికీలోంచి చూశానని ఐదు పేర్లూ వరసగా చెప్పాడు. ఆ ఐదో పేరు వాడి సొంత అన్నది. తోడబుట్టినవాణ్ణి ఊరికే ఎవరూ జైలుకు పంపరు కదా అని జడ్జిగారు తీర్పులో ఒక వాక్యం రాశారు. ఐదుగురినీ ముంచింది ఆ వాక్యమే.

ఇప్పుడు కడ్డీల అవతల ఉన్నది ఆ అన్నే. తల్లి పెద్దోడు అంటుంది కాబట్టి లాయరు కూడా ఫైలు మీద పెన్సిలుతో అలాగే రాసుకున్నాడు. సాక్షి చిన్నోడు.

"నాలుగూ ఇరవైకి ఎక్కడున్నావు?"

"ఆరేళ్లుగా చెప్తున్నదే మేడం. మూడో తొట్టి దగ్గర."

"ఏం చేస్తూ?"

"గుడ్డ తిప్పుతూ."

"తిప్పడం అంటే ఎలాగో చూపించు. నాకు తెలీదు."

పెద్దోడు విసుగ్గా లేచి నిలబడ్డాడు. లేని కర్రను రెండు చేతులతో పట్టుకుని తన వైపు లాగాడు. ఆగాడు. మళ్లీ లాగాడు. మళ్లీ ఆగాడు. ఆరేళ్లయినా ఒళ్లు మర్చిపోలేదు. నడుము దానంతటదే ఊగుతోంది. భూతద్దం రెండు నిమిషాలు చూసింది.

"మధ్యలో ఎందుకు ఆగుతున్నావు?"

అతని చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"అలుపు మేడం."

"చేతిలో కర్ర లేకుండానే అలుపా? నువ్వు ఆగినప్పుడు అవతల ఇంకెవరో లాగుతున్నారు. తొట్టికి ఇద్దరు కావాలి, కదూ? రెండో కొస ఎవరు పట్టుకున్నారు?"

"గుర్తు లేదు."

"పొద్దున ఏం తిన్నావంటే ఆలోచించి చెప్పావు. ఇది మాత్రం అడగ్గానే గుర్తు లేదన్నావు."

అతను కూర్చున్నాడు. మనిషి మొండివాడేం కాదు. నోట్లో నాలుక లేనివాడని వార్డరు కూడా చెప్పాడు. అయినా పెదవులు కుట్టేసుకున్నట్టు కూర్చున్నాడు. టైము అయిపోయిందని వార్డరు గొలుసు ఊపాక మాత్రం తల ఎత్తాడు.

"మా తమ్ముణ్ణి రేపు మళ్లీ కోర్టుకి పిలుస్తారా మేడం?"

"ఎందుకు?"

"ఊరికే. వాడికి దగ్గు. దుమ్ములో తిరిగితే ఎక్కువవుతుంది."

తనను యావజ్జీవం ఇక్కడ పడేసిన తమ్ముడి దగ్గు గురించి అడుగుతున్నాడు. జాలిపడాలో తిట్టాలో భూతద్దానికి తెలియలేదు. నోటు పుస్తకంలో రెండు ముక్కలు రాసుకుంది: *తొట్టికి ఇద్దరు. దగ్గు.*

పదకొండూ పావుకు ఆమె కార్ఖానా స్టోరు గదిలో ఉంది. లాయరు సంపాదించిన కోర్టు అనుమతి కాగితం చేతిలో ఉంది కాబట్టి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. స్టోర్‌కీపరు బట్టతల పెద్దమనిషి, చేతివేళ్ల సందుల్లో మూడు రంగులు. గది నిండా తీగలు, తీగల నిండా గుడ్డముక్కలు.

"ఇది మా శ్మశానం మేడం. అమ్ముడైపోయిన గుడ్డలన్నీ ఇక్కడ జానెడేసి మిగిలాయి. పార్టీ పదేళ్లకొచ్చి అదే నీలం కావాలంటే? మచ్చు చూసి కలుపుతాం. అందుకని ఒక్కటి కూడా పారేయం."

"తొట్టి దగ్గర ఎవరెవరు పని చేశారో ఎక్కడ రాస్తారు?"

"రిజిస్టర్లో. మేస్త్రీ సాయంత్రం ఐదింటికి కూర్చుని రాసేవాడు." ముసలాయన ఆగాడు. "ఆ రోజు ఐదింటికి మేస్త్రీ లేడు కదా. ఆ పేజీ ఖాళీ. అప్పట్లో పోలీసులూ చూశారు, లాయర్లూ చూశారు, ఖాళీ అని మూసేశారు."

"రిజిస్టరు కాకుండా ఇంకేం లేదా? గుడ్డ పాడైతే ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

అతను ఆమె వైపు కాస్త గౌరవంగా చూశాడు.

"అది అడిగినవాళ్లు మీరే. ముడి మేడం."

అప్పుడు వివరంగా చెప్పాడు. గుడ్డ తొట్టిలోకి దిగేముందు ఇద్దరూ చెరో కొసకి దారంతో ముడి వేస్తారు. ఎవరి ముడి వాళ్లది. గుడ్డ ఒక్క నిమిషం కదలకపోయినా ఆ కొస దగ్గర చారలు పడతాయి. అప్పుడు ముడి చూసి, ఈ కొస తిప్పినవాడెవడ్రా అని పిలిచి తిడతారు. చదువురాని రోజుల్లో మొదలైన పద్ధతి, చదువొచ్చాక కూడా పోలేదు. లాటు పూర్తయ్యాక రెండు కొసల నుంచీ ముడితో సహా చెరో జానెడు కత్తిరించి, రెండూ వీపుకి వీపు కుట్టి, లాటు చీటీ అంటించి, తీగకి తగిలిస్తారు.

"మరి ఆరేళ్లుగా ఈ మాట ఎవరూ అనలేదేం?"

"గుడ్డ బాగుంటే ముడి ఎవరు చూస్తారు? పాడైతేనే కదా ఎవడిదని వెతికేది. ఆ రోజు గుడ్డలన్నీ బాగానే వచ్చాయి మరి."

ఆ నెల తీగ దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ తేదీ మచ్చులు పదకొండు. మూడో తొట్టివి నాలుగు. నాలుగో దాని చీటీ మీద గడియారం మిషను కొట్టిన ముద్రలు రెండున్నాయి: లోపలికి 4.05, బయటికి 4.50. ముదురు నీలం. భూతద్దం అద్దం తీసి ముందు గుడ్డ చూసింది. రెండు ముక్కల మీదా రంగు నున్నగా, ఒక్క చార లేకుండా ఉంది. అంటే నాలుగూ ఐదు నుంచి నాలుగూ యాభై దాకా ఆ ఇద్దరూ ఒక్క నిమిషం కూడా కర్ర వదల్లేదు. నాలుగూ ఇరవైకి బాయిలరు పెరట్లో మనిషి చచ్చిపోతుంటే, ఈ ఇద్దరూ ఈ గుడ్డకు కాపలా కాస్తున్నారు.

"ఇది ఎవరి ముడి?"

"మూడు చుట్ల ముడి. ఒక్క ఇంటిదే. ఆ పెద్దోడి అమ్మ ఇక్కడ ఇరవై ఏళ్లు చేసింది మేడం, ఆవిడ ముడి అది. పిల్లలకీ నేర్పింది."

"రెండో కొస కూడా మూడు చుట్లే."

"అవునా?" ముసలాయన కళ్లు చిట్లించాడు. "అవును. ఒకటే ముడి."

ఒకటి కాదు. ఇరవై మూడేళ్లు కుడివైపు తిరిగే సుడులూ ఎడమవైపు తిరిగే సుడులూ విడదీసిన కన్ను అది. మొదటి కొసన దారం కుడి చేత్తో చుట్టినట్టు తిరిగింది. రెండో కొసన సరిగ్గా దానికి తిరగేసినట్టు, అద్దంలో చూసినట్టు. పుర్రచేతివాటం.

సాక్షి వాంగ్మూలం కాగితాలు ఆమె పదిసార్లు చదివింది. ప్రతి పేజీ కింద సంతకం సిరా ఒకవైపుకు అలుక్కుపోయి ఉండేది. చేతికి చెమట అనుకుంది అప్పట్లో. చెమట కాదు, రాస్తున్న చెయ్యే రాసిన అక్షరాల మీద పాకింది. ఎడమ చేత్తో రాసేవాళ్ల సంతకాలన్నీ అంతే.

చిన్నోడు కిటికీలోంచి ఏమీ చూడలేదు. ఆ టైముకి అన్న ఎదురుగా, తొట్టికి అవతల కొసన నిలబడి గుడ్డ తిప్పుతున్నాడు.

ఆమె అద్దం సంచిలో పెట్టుకుంది. బయటికొచ్చేది ఒక్కడు కాదు, ఐదుగురు. సాక్షి అక్కడ లేడంటే కేసే లేదు.

"ఆరేళ్లలో ఎవరో మళ్లీ కట్టి ఉండొచ్చు అంటే?"

"అది కుదరదు." స్టోర్‌కీపరు పక్క తీగ మీంచి పనికిరాని పాత మచ్చు ఒకటి తీసి, ముడి దగ్గర బయటికి పొడుచుకొచ్చిన చిన్న కొసను పట్టి ఒక్క లాగు లాగాడు. ముడి మొత్తం విడిపోయింది. దారం మీద అక్కడక్కడా తెల్లటి మచ్చలు. "ముడి లోపలికి రంగు పోదు. తడిచేత్తో ఊడాలి కాబట్టి ఒక్క లాగుకి ఊడేలా కడతారు, కానీ మళ్లీ అలాగే కట్టడం ఆ కట్టినవాడి వల్ల కూడా కాదు. తెలుపు ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. మీరు మాత్రం ఆ చిన్న కొస జోలికి పోకండి."

"జడ్జి ముందు విప్పుతాం. ఆయన కళ్లముందే," అంది భూతద్దం. "తెలుపు ఆయనే చూస్తాడు. మీరు సంతకం పెట్టి చెప్తారా, ఈ రెండో ముడి ఎవరిదో?"

"ఇంటిది చెప్తాను. ఆ ఇంట్లో ఎవరిదో ఆ తల్లే చెప్పాలి. నేర్పిన మనిషి ఆవిడ."

"చెప్తుంది. ఆ తల్లే కదా నన్ను పెట్టుకుంది."

"ఎంత బాగా నమ్ముతావు నువ్వు మనుషుల్ని," అన్న మాట గుమ్మం దగ్గర నుంచి వినిపించింది.

పదకొండూ యాభై. గుమ్మంలో ఇస్త్రీ నిలబడి ఉన్నాడు. డిపార్ట్‌మెంటులో అందరూ అతన్ని వెనకాల పిలిచే పేరు అది. వానలో నడిచొచ్చినా యూనిఫారం మీద ముడత కనపడదు. ఆరేళ్ల కిందట ఈ కేసు దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టరు. ఈ కేసుతోనే డీఎస్పీ అయ్యాడు. లోపలికి వచ్చి, గుడ్డల బేలు మీద కూర్చోబోతూ చంకలోని న్యూస్‌పేపరు తీసి పరిచి, దాని మీద కూర్చున్నాడు.

"జైలు నుంచి అంత త్వరగా కబురొచ్చిందా?" అంది ఆమె.

"నా ఖైదీల క్షేమం నేను కనుక్కుంటూ ఉంటాను. ఏంటది, గుడ్డపేలికా?"

"నీ సాక్షి నాలుగూ ఇరవైకి ఎక్కడున్నాడో చెప్పే పేలిక."

"ఫోటో తీసుకున్నావా?"

"నాలుగు తీశాను."

"ఫోటోలో ముడి నిన్న కట్టిందో అప్పుడు కట్టిందో ఎవరు చెప్తారు?"

"ముడి లోపల తెలుపు చెప్తుంది. రేపు బెంచీ ముందు విప్పిస్తాను."

అతని మొహంలో ఏదో ఒక్క క్షణం సడలింది. అతనికి ఈ సంగతి కొత్త. ఆరేళ్ల కిందట ఇదే గదిలోకి వచ్చి, రిజిస్టరు ఖాళీ పేజీ చూసి వెళ్లిపోయినవాడు మరి.

"ఆ సాక్షిని ఎలా తయారుచేశావు?" అంది ఆమె.

"సాక్షులు తయారవరు. దొరుకుతారు."

"ఐదుగురు మనుషులు. ఆరేళ్లు. అసలు కొట్టినవాళ్లు ఆ సాయంత్రం ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని పడుకున్నారు. నువ్వు వెతకను కూడా లేదు."

"నువ్వు ఇవాళ వెతికావు కదా, ఏం దొరికింది? కొట్టినవాళ్లు దొరికారా? లేదు. దగ్గుతో ముక్కుతూ మూలుగుతూ బతికే ఒక కుర్రాడు దొరికాడు." అతను గొంతు పెంచలేదు. "అబద్ధపు సాక్ష్యం చెప్పి యావజ్జీవం వేయించినవాడికి యావజ్జీవం. చట్టంలో ఉంది, నీకూ తెలుసు. ఐదుగుర్ని దింపి ఒకణ్ణి ఎక్కిస్తావు. ఆ ఒకడు కూడా ఆ తల్లి కడుపున పుట్టినవాడే. అడిగావా ఆమెని?"

"ఆరేళ్లుగా ఆవిడ వాణ్ణి గడప తొక్కనివ్వలేదు. బోనులో నిలబెట్టి కడిగేయండి అని నాతో అన్నది ఆవిడే."

"సరే. అడుగు." అతను వాచీ చూసుకున్నాడు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని పన్నెండూ పదికి వెళ్లిపోయాడు. ఒక్క బెదిరింపూ లేదు. మచ్చు మీద చెయ్యి వెయ్యబోనూ లేదు. అతను అంత తేలిగ్గా వదిలేసినందుకు ఆమె అప్పుడే అనుమానపడాల్సింది.

పడలేదు. స్టోర్‌కీపరు వాంగ్మూలం రాయడానికి కూర్చుంది. ప్రతి పేజీ రెండుసార్లు చదివి వినిపించి సంతకం పెట్టించింది. ఒకటిన్నర అయింది. పద్ధతి ప్రకారం పని చేయడం ఆమెకు పట్టిన రోగం. ఆ రోజు దానికి గంటా ఇరవై నిమిషాలు బలయ్యాయి.

రెండు గంటలకు మచ్చు సంచిలో పెట్టుకుని తల్లి ఇంటి మెట్లెక్కింది. సైకిళ్ల రిపేరు షాపు పైన రెండు గదులు. కింద నుంచి టైరులో గాలి కొట్టే చప్పుడు వస్తోంది. ముందుగదిలో మంచం, కిటికీ, గోడవారన ఒక స్టూలు. తల్లి కిటికీ దగ్గర నిలబడి ఉంది. పని మానేసి తొమ్మిదేళ్లయినా ఆమె గోళ్ల మొదట్లో ఇంకా నీలం పోలేదు.

"దొరికిందమ్మా," అంది భూతద్దం. "మీ పెద్దోడు వస్తాడు. ఐదుగురూ వస్తారు."

అంతా చెప్పింది. తొట్టి, చీటీ, టైములు, చారలు లేని గుడ్డ. తల్లి మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు. ముడి పద్ధతి గురించి విని ఆశ్చర్యపోనూ లేదు. ఎలా ఆశ్చర్యపోతుంది, తను నేర్పిందే.

"కళ్లు సరిగ్గా కనపడవు. వెలుతుర్లో పట్టుకుని చూడనీ," అంది తల్లి, చెయ్యి చాస్తూ.

ఇరవై మూడేళ్లలో భూతద్దం ఏ కేసు వస్తువునూ ఎవరి చేతికీ ఇవ్వలేదు. పెద్ద ఆఫీసర్లు అడిగినా బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని చూడమనేది. కానీ ఇది పరాయి చెయ్యి కాదు. ఆరేళ్లు ప్రతి ములాఖత్‌కీ జైలు గేటు ముందు వరసలో నిలబడ్డ చెయ్యి. ఇచ్చింది.

తల్లి కిటికీ దగ్గరికి వెళ్లింది. మొదటి ముడిని బొటనవేలితో తడిమింది. "ఇది పెద్దోడిది." మచ్చు తిరగేసింది. రెండో ముడి మీద వేలు ఆగింది. "ఇది చిన్నోడిది. వాడికి ఎన్నిసార్లు చెప్పినా ఎడం చేత్తోనే కట్టేవాడు. కొట్టాను కూడా ఒకసారి."

"ఆ మాటే రాసి వేలిముద్ర వేయాలమ్మా. అంతే."

తల్లి ఆ చిన్న కొసను పట్టుకుని ఒక్క లాగు లాగింది.

చప్పుడు కూడా కాలేదు. దారం ఆమె వేళ్ల మధ్య సాగి వేలాడింది. ముదురు నీలం మీద మూడు చోట్ల తెల్లగా.

భూతద్దం ఒక్క అంగలో వెళ్లి చెయ్యి పట్టుకుంది. పట్టుకుని ఏం లాభం? న్యాయమూర్తి ముందు ఒక్కసారి విప్పాల్సిన ముడి అది. ఆ ఒక్కసారి ఇక్కడ, ఈ కిటికీ దగ్గర అయిపోయింది. ఫోన్లో నాలుగు ఫోటోలున్నాయి. ఇవి నిన్న కట్టి తీసినవి కావని రేపు ఎవరు ఒప్పుకుంటారు?

"ఏం చేశారు?" అంది. "ఏం చేశారో తెలుసా మీకు?"

"పెద్దోడి ముడి ముట్టుకోలేదు."

"ఒక కొస ఊడిన మచ్చుని ఏ కోర్టూ తీసుకోదు. పెద్దోడు కూడా లోపలే ఉంటాడు. ఐదుగురూ చచ్చేదాకా లోపలే ఉంటారు."

"తెలుసు. ఇరవై ఏళ్లు కట్టాను ఈ ముళ్లు."

"మరి నన్నెందుకు పెట్టుకున్నారు?"

"అసలు కొట్టినవాళ్లని మీరు పట్టుకుంటారనుకున్నాను," అంది తల్లి. "ఊరంతా తిరిగి తిరిగి నా ఇంటికే వస్తారనుకోలేదు."

భూతద్దం కూర్చోవడానికి గోడవారనున్న స్టూలు లాక్కుంది. దాని మీద ఇవాళ్టి న్యూస్‌పేపరు పరిచి ఉంది. నాలుగు మడతలు సమంగా, అంచుకి అంచు కలిపి. ఈ ఇంట్లో చదవడం వచ్చినవాళ్లెవరూ లేరు.

"ఎప్పుడొచ్చాడు?"

"పన్నెండున్నరకి."

తను స్టోర్‌కీపరు వాంగ్మూలం రెండో పేజీ రెండోసారి చదువుతున్నప్పుడు. భూతద్దం కళ్లు మూసుకుంది.

"ఏమన్నాడు?"

"ఇద్దరిలో ఒక్కడే బయట ఉంటాడన్నాడు. ఎవరో నన్నే తేల్చుకోమన్నాడు." తల్లి ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటోంది. "అప్పుడూ అదే అన్నాడు."

"అప్పుడంటే?"

తల్లి కిటికీ రెక్క దగ్గరికి వేసింది.

"ఆరేళ్ల కిందట. స్టేషన్లో పిల్లలిద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఇద్దరూ తొట్టి దగ్గరున్నారని ఆ ఇన్‌స్పెక్టరుకి చెప్పాను, కాళ్లు పట్టుకున్నాను. వినలేదు. ఇద్దర్నీ రాసేస్తాను, లేకపోతే ఒకడు సాక్షి అవుతాడు, ఎవడో నువ్వే చెప్పమ్మా అన్నాడు. పెద్దోడు నా వంక చూసి తమ్ముడి వైపు తల ఊపాడు. చిన్నోడికి అప్పటికే దగ్గు. లోపల నెల్లాళ్లు కూడా బతకడు. చిన్నోడే అన్నాను. వాడు చెప్పనని ఏడ్చాడు. నా మీద ఒట్టు పెట్టి నేనే చెప్పించాను."

ఆరేళ్లుగా అందరూ తమ్ముణ్ణి ద్రోహి అన్నారు. జడ్జి అతని మాటను వేదంలా నమ్మాడు. ఆ మాట అతనిది కాదు, ఈమెది.

"మరి వాణ్ణి ఇంట్లోకి ఎందుకు రానివ్వలేదు?"

"వాడి మొహం చూస్తే నేను చేసింది నాకు కనపడుతుంది."

"మిగతా నలుగురు?" అంది భూతద్దం. కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించింది. వచ్చింది గానీ అందులో బలం లేదు. "ఆ నాలుగు పేర్లు?"

"ఆ ఇన్‌స్పెక్టరే రాసిచ్చాడు. చిన్నోడు బట్టీపట్టి చెప్పాడు."

"వాళ్లకీ తల్లులున్నారు."

తల్లి దారాన్ని వేలికి ఇంకో చుట్టు చుట్టింది.

సంచిలో ఫోను మోగింది. లాయరు.

"అక్కా, ఏమైంది? పొద్దున నీ మెసేజి చూసి ఇక్కడ అందరికీ చెప్పేశాను, ఆగలేకపోయాను. నలుగురి ఇళ్లవాళ్లూ మా ఆఫీసు వరండాలోనే ఉన్నారు. పొద్దుటి నుంచీ ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆవిడ వేలిముద్ర వేసిందా?"

ఈ మాట చెప్పాల్సింది తను కాదనిపించింది భూతద్దానికి. ఆరేళ్లుగా చెప్పకుండా ఉన్నవాళ్లు చెప్పాలి.

"ఫోను ఆ వరండాలో ఎవరికైనా ఇవ్వు," అంది.

"ఎవరికి?"

"ఎవరికైనా. పెద్దావిడెవరైనా ఉంటే ఆవిడకి."

స్పీకరు నొక్కి, ఫోను తల్లి చేతిలో పెట్టింది. తల్లి వద్దన్నట్టు తల ఊపింది గానీ ఫోను అప్పటికే ఆమె అరచేతిలో ఉంది, దారం చుట్టుకున్న వేలి పక్కన. అవతల ఎవరో కుర్చీలోంచి లేచారు. చెప్పుల చప్పుడు. అలవాటు లేని చెయ్యి ఫోనును నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది. ముందు ఊపిరే వినిపించింది.

"హలో. ఎవరు?"

ఆ గొంతు తల్లికి తెలుసు. పదిహేనేళ్లు ఒకే తొట్టికి ఇవతలొకరూ అవతలొకరూ నిలబడి గుడ్డ తిప్పారు.

"నువ్వేనా వదినా?" అంది అవతలి ముసలామె. మాటలో ఆరేళ్ల తర్వాత మొదటిసారి కాస్త నవ్వుంది. "లాయరుగారు చెప్పారులే. నీ ముడే పిల్లల్ని బయటికి తెస్తోందంట కదా. ఇంతకీ ఎప్పుడొస్తారంట మన పిల్లలు?"

తల్లి వేలికి దారం ఎంత గట్టిగా బిగిసిందంటే గోరు కింద నీలం తెల్లబడింది.

"వదినా, వినపడుతోందా?" అంది ఆమె మళ్లీ.